పరగడుపున టైరు గాలి

అమెరికాలో మేముండే అరోరా నుంచి విస్కాన్సిన్ ఉత్తరానికి ఏడు గంటలు డ్రైవ్ చేసి, మోటెల్ ముందు కారు ఆపగానే టైర్లలో గాలి కొలిచాను. ముప్ఫై అయిదు. ఎంత గాలి ఉండాలో చెప్పే డోర్ పక్కన స్టిక్కర్ మీదా అదే అంకె. పదేళ్లుగా మంచులో నడుపుతున్నాను, ఆ అనుభవం ఊరికే పోతుందా!

పారతో మంచు ఎత్తిపోస్తున్న మోటెల్ ఓనరమ్మకి డెబ్బై ఏళ్లుంటాయి. "ఇప్పుడు కొలిస్తే ఏం తెలుస్తుంది? ఇంతదూరం తిరిగి టైర్లు వేడెక్కాయి. పొద్దున కారు కదపకముందు చూడు," అంది. నేను పట్టించుకోలేదు.

పొద్దున బయల్దేరబోతుంటే ఆవిడే గేజ్, చిన్న ఎయిర్ పంప్ పట్టుకొచ్చి మంచులో మోకాళ్ల మీద కూర్చుంది. ఇరవై తొమ్మిది! ఆ గాలితోనే జారుడు రోడ్డెక్కేవాళ్లం.

"ఫాస్టింగ్ షుగర్ టెస్ట్ లాంటిదన్నమాట. తినేసి వెళ్లి చేయించుకుంటే ఏం లాభం?" అంది నా భార్య సునీత.

ఆ మాటే ఓనరమ్మకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పకపకా నవ్వి, గ్లవ్ తీసి, సూది గుచ్చిన వేలు చూపించింది.

"రోజూ ముందు నాది చూసుకుంటాను. తర్వాత నా ట్రక్కుది."

నేను షుగర్ చూపించుకుని మూడేళ్లయింది. సునీత నోరు తెరిచేలోపు పంప్ అందుకున్నాను.