అవతలికెల్లి ఎవలన్న అచ్చిండ్రా?

నేను రాసిన ప్రోగ్రాము ఒక మనిషి నౌకరి తీయబోయింది. అదీ సరైన జవాబు చెప్పి మరీ. అందుకే ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

నాందేడ్‌లో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్తాను. ఇంట్లో తెలుగు, క్లాసులో మరాఠీ, ఆటోవాడితో హిందీ. మూడింట్లోనూ పోట్లాడగలను. నేను చెప్పే పేపరు లాజిక్ ప్రోగ్రామింగ్. పిల్లలెవరూ కోరి తీసుకోరు, నాకేమో ప్రాణం. అందులో కంప్యూటరుకు తెలిసిన సంగతులు చెప్తాం, నియమాలు చెప్తాం, ఆ తర్వాత ప్రశ్న అడుగుతాం. జవాబు అదే వెతుక్కుంటుంది. ఎంత వెతికినా దొరక్కపోతే "లేదు" అంటుంది. రైల్వే టైంటేబుల్లో ఐదు గంటలకు బండి రాసి లేకపోతే ఐదు గంటలకు బండి లేదని మనం అనుకున్నట్టే. టైంటేబుల్లో అన్ని బండ్లూ రాసి ఉంటాయి కాబట్టి అక్కడ ఆ మాట చెల్లుతుంది. సగం సంగతులే తెలిసిన చోట చెల్లదు. అక్కడ "లేదని తెలిసింది" వేరు, "ఉందని తెలియలేదు" వేరు. ఈ రెండు "లేదు"ల తేడా ఏటా బల్ల గుద్ది చెప్తాను. పరీక్షలో రెండూ కలిపేసినవాళ్లకు సున్నా వేస్తాను.

మా అన్నది హోల్‌సేల్ కిరాణం. పొద్దున్నే మూడు టెంపోలు సరుకుతో బయల్దేరతాయి, ఒకటి నాయ్‌గావ్, ఒకటి ఇస్లాపూర్, ఒకటి మర్ఖేల్. వానకాలం వచ్చిందంటే మా ఇంట్లో చాయ్ నెమ్మదిగా తాగడం కుదరదు. ఏ వాగు వచ్చింది, ఏ దారి మూసింది అని అన్న ఊరూరికీ ఫోన్లు చేసి అరుస్తుంటాడు. ఆ అరుపులు పడలేక ఒక ఆదివారం కూర్చుని ప్రోగ్రాము రాసిచ్చాను. వాగుల పక్కనున్న దుకాణాలవాళ్లు నీళ్లు వస్తే తమ ఫోన్లో ఒక బటన్ నొక్కాలి. నీళ్లున్నాయని ఎవరూ చెప్పకపోతే అన్న ఫోన్లో "దారి ఉంది" అని పచ్చగా వస్తుంది. నియమం అంతే. అన్న మురిసిపోయాడు. నేనూ తక్కువ మురవలేదు.

మురవనివాడు ఒక్కడే, మర్ఖేల్ టెంపో నడిపే డ్రైవరు. అందరం కాకా అంటాం. ఇరవై ఏళ్లుగా మా బండి మీదే ఉన్నాడు. ఆయనకో పద్ధతి ఉంది. వానకాలంలో వాగు ఒడ్డుకు చేరగానే బండి ఆపుతాడు. అవతలి నుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా కదలడు. ఆ రోజు వాన పడిందా లేదా అన్నది ఆయనకు లెక్కే లేదు. ఫోన్లో పచ్చగా ఉన్నా ఆగుతున్నాడని అన్నకు ఒళ్లు మంట. సరుకు ఆలస్యమవుతున్నదని మర్ఖేల్ దుకాణాల నుంచి రోజూ గోల.

"గాయినకు పని సాతనైత లేదు," అన్నాడు అన్న ఒక రోజు. "ఇంకొక్కసారి లేటైతె తాళంచెవి తీస్కుంట. కొత్త డ్రైవర్‌ను సూసి పెట్టిన."

సాక్ష్యానికి నన్నే బండిలో పోయి రమ్మన్నాడు. నాకూ అదే కావాలి. నా ప్రోగ్రామును నమ్మని మనిషి ఎట్లా ఉంటాడో దగ్గరుండి చూడాలనిపించింది.

శ్రావణం రోజులు. బండి నిండా పండగల సరుకు, శనగపిండి, బెల్లం, నూనె డబ్బాలు. వాగు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కాకా బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాడు. ఒడ్డున తాడిపత్రి పట్టా కప్పిన చాయ్ దుకాణం ఉంది. ఎదురుగా లోలెవల్ వంతెన పొడిగా, ఎండలో తెల్లగా కనపడుతున్నది.

ఫోన్ తీసి ఆయన ముఖం ముందు పెట్టాను. "తొవ్వ ఉన్నదని సూపెడ్తున్నది గద కాకా."

"ఎవలు జెప్పిండ్రక్కా?"

"ఎవలు జెప్పలే. నీళ్లున్నయని ఎవలన్న జెప్తె ఎర్రగ అస్తుండె."

"గదే మరి. ఉన్నయని ఎవలు జెప్పలే, లేవని గూడ ఎవలు జెప్పలే." చాయ్ గ్లాసు నా చేతికిచ్చాడు. "ఈ వాగు రెండు పాయలక్కా. గీ బ్రిడ్జి మనకు కనవడ్తది. గా మిట్ట అవతల ఇంకో బ్రిడ్జి ఉన్నది, గది కనవడది. దీన్ని దాటి పోయినంక గక్కడ నీళ్లుండె అనుకో. మర్లి అచ్చే లోపట ఇది గూడ నిండుతది. నట్టనడుమ ఉంటం. వాన రాకడ, పానం పోకడ ఎవలకెరుక? అవతలికెల్లి మనిషి అచ్చిండంటె రెండూ దాటి అచ్చినట్టు."

నా చెంప ఛెళ్లుమంది. నేను ఏటా బల్ల గుద్ది చెప్పే పాఠాన్ని, బల్ల కూడా లేకుండా, ఒక డ్రైవరు నాకు చెప్తున్నాడు. ఆ తేడా తెలియక అట్లా రాయలేదు నేను. సులువని రాశాను. నీళ్లు లేవని ఖాయంగా తెలియాలంటే రోజూ ఎవరో ఒకరు పోయి చూసి చెప్పాలి, ఆ తంటా ఎవరు పడతారని వదిలేశాను. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, వాగు మౌనాన్ని నేను పూర్తి అంగీకారమే చేసేశాను. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. నిజం చెప్పాలంటే కోపమే ముందు వచ్చింది.

ఆ కోపంలోనే రెండో పాయ దగ్గరి దుకాణదారుకు ఫోన్ చేశాను. అక్కడి నీళ్ల సంగతి చెప్పవలసింది ఆయనే. దుకాణం మూసి రెండు రోజులైందట, నిజామాబాద్‌లో బిడ్డ ఇంట్లో ఉన్నాడు. చెప్పే మనిషే అక్కడ లేడన్న సంగతి తెలియక నా ప్రోగ్రాము రెండు రోజులుగా దర్జాగా పచ్చదీపం వెలిగిస్తూనే ఉంది.

కాకాకు ఆ ముచ్చట చెప్పలేదు. చెప్పనక్కరలేదు, పక్కనే కూర్చుని విన్నాడు. "ఇంకో చాయ్ తాగక్కా," అన్నాడు.

నలభై నిమిషాలు కూర్చున్నాం. అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు. చివరికి మిట్ట మీద రెండు మేకలు కనపడ్డాయి, వాటి వెనక ఒక ముసలామె. కాకా ముందు మేకల కాళ్లు చూశాడు. గిట్టల దాకా పొడిగా ఉన్నాయి. అయినా అవతల ఎట్లుందని ఆమెను మరాఠీలో అడిగాడు.

"కాయ్ నాహీ బాబా, వాళూచ్ వాళూ," అందామె. అంతా ఇసుకేనట.

అంటే పొద్దున్నుంచీ అక్కడ నీళ్లు లేనే లేవు. నా ప్రోగ్రాము చెప్పిందే నిజమైంది.

మర్ఖేల్‌లో సరుకు దించుతుండగా అన్న ఫోన్ మళ్లీ వచ్చింది. జరిగింది చెప్పాను. "నేను జెప్పలేదా?" అన్నాడు ఉత్సాహంగా. "నీ ప్రోగ్రామ్ సై ఉన్నది. రేపటికెల్లి గాయిన అద్దు."

అప్పుడు నేను నోరు మూసుకుంటే సరిపోయేది. నా పరువు నిలిచేది, ఆయన నౌకరి పోయేది. కాకా అటు తిరిగి తాళ్లు విప్పుతున్నాడు. విననట్టు నటిస్తున్నాడని ఆ వీపు చూస్తేనే తెలుస్తున్నది.

"ప్రోగ్రామ్ తప్పున్నది అన్నా."

"ఏంది తప్పు? నీళ్లు లేకుండె గద!"

"లేకుండె. గానీ గా సంగతి దానికి తెల్వది. ఊకనే అన్నది, సై అయింది."

"సై అయింది గదనే మరి!"

మా అన్నకు పాఠం చెప్పినట్టు చెప్తే ఎక్కదు. "బెల్లం అస్తె ప్రతి ముద్ద గిల్లి నోట్లె ఏస్కుంటవు గద," అన్నాను. "ఎందుకన్నా? బాగలేదని నీకు ఎవలన్న జెప్పిండ్రా?"

రుచి చూడకుండా సరుకు దించుకోడని మార్కెట్లో మా అన్నకు పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

"కాకా గూడ గంతే. రుచి సూసి దాటుతుండు. ఆయనను తీసేస్తె నా ప్రోగ్రామ్‌ను గూడ తీసెయ్యి."

"నీతోని ఎవలు గెలుస్తరు," అని ఫోన్ పెట్టేశాడు. కాకా తాళ్లు చుట్టి బండిలో వేశాడు.

ఆ తర్వాతి ఆదివారం కూర్చుని నియమం మార్చాను. ఇప్పుడు దానికి మూడు జవాబులు: దారి ఉంది, దారి లేదు, తెల్వది. అవతలి నుంచి మనిషి వచ్చాడని ఆ రోజు ఎవరైనా చెప్తేనే పచ్చదీపం. ఎవరూ ఏమీ చెప్పకపోతే తెల్వది. ఫోన్లో వచ్చే ప్రశ్న కూడా కాకా మాటల్లోనే పెట్టాను, "అవతలికెల్లి ఎవలన్న అచ్చిండ్రా?" అని. అన్నకు ఆ మూడో జవాబు బొత్తిగా నచ్చలేదు.

"తెల్వది అంటె నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"చాయ్ తాగాలె సేటు," అన్నాడు కాకా.

క్లాసులో ఇప్పుడు టైంటేబుల్ తర్వాత వాగు సంగతి చెప్తున్నాను. సున్నాలు వేయడం మాత్రం మానలేదు. ఆ ఏడు మొదటి సున్నా నాకే వేసుకున్నాను.

పోయిన వానకాలం మర్ఖేల్‌లో ఏదో పని పడి అన్న తానే టెంపోలో పోయాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాను.

"ఏడున్నవన్నా?"

"వాగు కాడ."

"ఫోన్ల ఏమస్తున్నది?"

"తెల్వది అనస్తున్నది."

"కాకా ఏం జేస్తుండు?"

"సీట్ల పండుకున్నడు. నన్ను సూస్తుండుమన్నడు." ఆయన నిద్ర చెడుతుందేమోనని అన్న గొంతు తగ్గించాడు. "ఇంక ఎవలు రాలే. నువ్వు మల్ల ఫోన్ చెయ్యకు, జెర మిట్ట దిక్కు సూడనియ్యి."