కోటు విప్పని వేసవి

1981 ఏప్రిల్‌లో మా పెరోల్ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. ఫీల్డ్‌కి వెళ్లే ఆఫీసర్లందరూ ఇకమీదట రివాల్వర్ పెట్టుకునే వెళ్లాలి. అది పైకి కనిపించకూడదు. అప్పటికి నేను అమెరికాలో ఏరీ సరస్సు ఒడ్డున ఒక ఉక్కు కర్మాగారాల ఊళ్లో రెండో గ్రేడు పెరోల్ ఆఫీసర్‌గా మూడో ఏడు పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే కుటుంబం వాళ్లు ఇంకా అక్కడ ఉన్నారు.

ఆ ఉద్యోగంలోకి ఎలా వచ్చానని మనవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు. వాల్తేరులో సోషల్ వర్క్‌లో ఎమ్మే చదివాను. మావారు మెటలర్జిస్టు. ఆయన ఉద్యోగం వెంట 1971లో ఇక్కడికి వచ్చాను. పౌరసత్వం వచ్చాక ప్రభుత్వ పరీక్ష రాస్తే దొరికిన పని ఇది. పెరోల్ అంటే మన దేశంలో ఖైదీ కొద్ది రోజులు ఇంటికి వెళ్లి రావడం. ఇక్కడ శిక్షలో చివరి భాగం మొత్తం జైలు బయట గడపనిస్తారు, షరతుల మీద. ఆ షరతులు పాటిస్తున్నాడో లేదో చూడడం, పాటించేలా సాయపడడం, పాటించకపోతే తిరిగి లోపలికి పంపడం, మూడూ పెరోల్ ఆఫీసర్ పనే.

అంతకు ముందు చలికాలంలో పక్క జిల్లా ఆఫీసర్ ఒకాయనను ఒక ఇంటి మెట్ల మీద కాల్చి చంపారు. మా సూపర్‌వైజర్ నోవాక్ ఆయనతో కలిసి శిక్షణ పొందినవారు. ఉత్తర్వు మాకు చదివి వినిపించినప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. కాగితాన్ని మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.

శిక్షణ రెండు వారాలు, పోలీసుల షూటింగ్ రేంజ్‌లో. ముప్పై ఎనిమిది క్యాలిబర్ రివాల్వర్, గొట్టం కురచ, ఆరు తూటాలు. గురి కుదరడం నేననుకున్నంత కష్టం కాలేదు. కష్టమైనది దాన్ని ఒంటి మీద మొయ్యడం. హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవచ్చా అని అడిగాను. బ్యాగ్ ఎవరైనా లాక్కుపోవచ్చు, మీరే ఎక్కడైనా మరిచిపోవచ్చు, నడుముకే ఉండాలన్నాడు శిక్షకుడు. ఆడవాళ్ల ప్యాంట్లకు ఉండే సన్న బెల్టులు ఆ బరువు ఆపలేవు. మగవాళ్ల విభాగంలో వెడల్పాటి తోలు బెల్టు కొని, మేకుతో ఇంకో నాలుగు చిల్లులు పొడుచుకున్నాను. కుడి తుంటి మీద తోలు ఒర, దాన్ని కప్పడానికి కోటు. నెల తిరక్కుండానే కోటు లోపలి అస్తరు ఆ మేరకు చిరిగిపోయింది.

కొత్తగా తుపాకీ పెట్టుకున్నవాళ్లను చూడగానే పట్టేయొచ్చని రేంజ్‌లో చెప్పారు. ఉందో లేదోనని మోచేత్తో తడిమి చూసుకుంటూనే ఉంటారు. నేనూ తడిమేదాన్ని, లిఫ్ట్‌లో, కూరగాయల దుకాణంలో, వరసలో నిలబడ్డప్పుడు. కారెక్కితే సీటు బెల్టు దానికి చిక్కుకునేది. బాత్రూమ్‌కి వెళ్తే ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు. ఎవరైనా ఆప్యాయంగా దగ్గరికి తీసుకోబోతే ఎడమ భుజం ముందుకు పెట్టి పక్కకు తిరగడం అలవాటైంది. మావారు మొదటి రోజే అన్నారు, "ఉద్యోగం అన్నాక తప్పదు. కానీ భోజనానికి కూర్చునేటప్పుడు మాత్రం అది నీ ఒంటి మీద ఉండకూడదు, విజయా." ఇంటికి రాగానే బీరువాలోని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తర్వాతే చెప్పులు విప్పేదాన్ని.

నా కేసుల్లో రేమండ్ కోల్స్ ఒకడు. వయసు ముప్పై ఒకటి. తుపాకీతో మందుల షాపు దోచిన నేరానికి ఆరేళ్లు లోపల ఉండి, 1979 శరదృతువులో పెరోల్ మీద తల్లి దగ్గరికి వచ్చాడు. దోపిడీకి కారణం హెరాయిన్. మనిషి నెమ్మదస్తుడు. ఒక లాండ్రీలో ఇస్త్రీ మెషిన్ మీద పని దొరికింది. తల్లి ఎర్నెస్టీన్ కోల్స్, బడి వంటశాలలో పనిచేసి రిటైరైన నల్లజాతి మహిళ. భర్త లేడు. అతన్ని విడుదల చేసే ముందు ఇల్లు తనిఖీ చేసిందీ, ఆ ఇంట్లో ఎలాంటి ఆయుధమూ ఉండదని ఆమె చేత హామీ పత్రం మీద సంతకం పెట్టించిందీ నేనే.

నెలకు రెండుసార్లు ఆ ఇంటికి వెళ్లేదాన్ని. రేమండ్‌తో మాట్లాడడం పది నిమిషాలు. అతను తన గదిలోకి వెళ్లాక వంటింట్లో తల్లితో అరగంట. ఇంట్లోవాళ్లతో మాట్లాడి తెలుసుకునే సమాచారాన్ని మా భాషలో కొలాటరల్ అంటారు. ఫైల్లో అదొక గడి. ఆమె ఎప్పుడూ నేరుగా ఏమీ చెప్పేది కాదు. కుళాయి తిప్పి, గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా మాట్లాడేది.

1980 ఫిబ్రవరిలో అలాగే గిన్నెలు కడుగుతూ, "చెంచాలు తగ్గుతున్నాయి అమ్మాయ్" అంది.

హెరాయిన్ కరిగించడానికి చెంచా కావాలి. మర్నాడే రేమండ్‌ని పిలిపించి మూత్ర పరీక్ష చేయించాను. మందు బయటపడింది. తిరిగి జైలుకి పంపే వారెంట్ రాయొచ్చు. రాయలేదు. నోవాక్‌ని ఒప్పించి నాలుగు వారాల చికిత్సకు ఆసుపత్రిలో చేర్పించాను. అతను తిరిగొచ్చి మళ్లీ ఇస్త్రీ పనిలో చేరాడు. ఎవరు చెప్పారని అతను నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

తుపాకీ వచ్చాక ఆ ఇంటికి ఆరుసార్లు వెళ్లాను. మొదటి నాలుగుసార్లు ఏమీ కాలేదు. జూన్ చివర ఎండలు ముదిరాయి. ఆ వంటింట్లో ఫ్యాన్ లేదు.

"ఆ కోటు విప్పి కుర్చీకి తగిలించు. చూస్తుంటేనే నాకు చెమట పడుతోంది" అంది మిసెస్ కోల్స్.

"పరవాలేదండీ, నాకు అలవాటే" అన్నాను.

జూలైలో మళ్లీ అదే మాట, నాది మళ్లీ అదే అబద్ధం. ఆమె ఐస్ వేసిన టీ గ్లాసు నా ముందు పెట్టింది. అందుకోబోతూ కుర్చీలో కుడివైపు ఒరిగాను. రివాల్వర్ పిడి కుర్చీ చేతికి టక్కున తగిలింది. కర్ర మీద ఇనుము చేసే చప్పుడు వేరే దేనికీ ఉండదు.

ఆమె కుళాయి కట్టేసింది.

"ఏమిటది?"

ఆ మనిషికి ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను. ఉత్తర్వు సంగతి చెప్పాను.

"ఎన్నాళ్లనుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"అంటే మూడు నెలలుగా ఈ బల్ల దగ్గర దాన్ని పెట్టుకుని కూర్చుంటున్నావు." ఆమె గొంతు పెంచలేదు. "నా ఇంట్లోకి తుపాకీ రానివ్వనని నా చేత సంతకం పెట్టించింది నువ్వు. నా కొడుకుని ఆరేళ్లు నాకు కాకుండా చేసింది అదే. ఇంకెవరు తెచ్చినా పోలీసులకి ఫోన్ చేసేదాన్ని. నువ్వు తెస్తే ఎవరికి చెయ్యను?"

"ఇది మీ గురించి కాదండీ. మాకు రూల్."

"నీకది రూల్ అయితే నాకిది ఇల్లు. దానితో నా వంటింట్లోకి రాకు."

గ్లాసు ముట్టుకోకుండానే లేచి వచ్చేశాను.

మర్నాడు నోవాక్‌ని అడిగాను, ఆ ఒక్క ఇంటికి తుపాకీ లేకుండా వెళ్లొచ్చా అని. కుదరదన్నారు. కారు డిక్కీలో పెట్టి వెళ్తానన్నాను. కారులోంచి దొంగిలిస్తే ఎవరు జవాబు చెప్తారన్నారు. "విజయా, వాళ్లు మంచివాళ్లే. నా స్నేహితుడు వెళ్లిన ఇంట్లోవాళ్లూ మంచివాళ్లే. కాల్చింది వాళ్ల మేనల్లుడు." రేమండ్ నెలకు రెండుసార్లు ఆఫీసుకే వచ్చేలా మార్చమన్నారు. మార్చాను.

ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో అతను వేళ తప్పకుండా వచ్చాడు. ఆఫీసులో ఒక్కొక్కరికీ పావుగంట. జీతం స్లిప్ చూపించేవాడు, అడిగిన వాటికి తలూపేవాడు. ఒక మూత్ర పరీక్ష చేశాను, ఏమీ లేదు. వాళ్లు వచ్చే రోజు వాళ్లకు ముందే తెలుస్తుంది కాబట్టి ఆ రోజుకి ఒళ్లు శుభ్రంగా ఉంచుకోవడం కష్టం కాదని నాకు తెలుసు. కొలాటరల్ గడిలో 'తల్లి అందుబాటులో లేదు' అని రాశాను. రెండుసార్లు రాశాను.

అక్టోబర్ మొదటి వారంలో ఒక గురువారం, ఉదయం పదిన్నరకి నోవాక్ నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. లాండ్రీ బాత్రూమ్‌లో రేమండ్ చనిపోయి కనిపించాడని చెప్పారు. మోతాదు మించింది. సూది ఇంకా చేతికే ఉందట. మధ్యాహ్నం కేసు మూసివేత పత్రం నింపాను. కారణం అన్నచోట ఐదు గడులుంటాయి: గడువు పూర్తి, బదిలీ, శిక్ష రద్దు, పరారీ, మరణం. చివరి గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి, తేదీ వేశాను. ఇంటికెళ్లి ఇనప్పెట్టె తాళం తియ్యబోతే, ఎన్నిసార్లు పెట్టినా తాళంచెవి కన్నంలోకి వెళ్లలేదు. మావారు వచ్చి తీశారు.

అంత్యక్రియలకు వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. పది రోజుల తర్వాత సెలవు పెట్టి, తుపాకీ ఇంట్లోనే ఉంచి, మామూలు చీర కట్టుకుని వెళ్లాను. మిసెస్ కోల్స్ తలుపు తీసి ముందు నా నడుము వైపు చూసింది. తర్వాత పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. వంటింట్లో ఆమె సింక్ దగ్గర నిలబడలేదు. నా ఎదురుగా కూర్చుంది.

"సెప్టెంబర్ నుంచే పనికెళ్లని పూటంతా నిద్ర. మునుపు మందు వాడినప్పటిలాగే కాఫీలో నాలుగు చెంచాల చక్కెర. కూర్చున్నచోటే తల వాల్చేసేవాడు" అంది. "అన్నీ చూస్తూనే ఉన్నాను. ఎవరికి చెప్పను? ఫోన్ ముందు గదిలో ఉంది, వాడు ఎప్పుడూ పడి ఉండే సోఫా పక్కనే."

క్షమించమని అడిగాను.

ఆమె బల్ల మీది గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. తర్వాత అంది, "నేను నిన్ను వంటింట్లోకి రావద్దన్నాను. నాతో మాట్లాడద్దనలేదు. బయట వరండా ఉంది. అందులో రెండు కుర్చీలున్నాయి. నువ్వు వస్తావేమోనని చూశాను. నువ్వు అడగలేదు."

నిజమే, అడగలేదు. ఎందుకడగలేదో ఆరోజు ఆమెకు చెప్పలేకపోయాను, ఇక్కడ రాస్తున్నాను. మూడు నెలలు ఆమె ముందు అబద్ధమాడి దొరికిపోయినందుకు నాకు సిగ్గేసింది. మళ్లీ ఆమె మొహం చూడక్కర్లేదని నోవాక్ మాటతో తేలినప్పుడు లోలోపల నాకు ఊరటగానే అనిపించింది. రూల్ నన్ను ఆ ఇంటి నుంచి ఆపలేదు. రూల్‌ని అడ్డం పెట్టుకుని నేనే ఆగిపోయాను. నేను వెళ్లి ఉంటే రేమండ్ బతికేవాడని చెప్పలేను. ఆ మందు ముందు చికిత్స ఓడిపోవడం అప్పటికే చాలాసార్లు చూశాను. కానీ అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో ఒక్క మాటతో అతనికి దొరికిన అవకాశం సెప్టెంబర్‌లో దొరకలేదు.

ఆ తర్వాత కొత్త ఇంటికి వెళ్లిన ప్రతిసారీ గుమ్మం బయటే ఆగి చెప్పేదాన్ని: "నా దగ్గర తుపాకీ ఉంది. ఉద్యోగ నియమం. లోపలికి వద్దంటే ఇక్కడే కూర్చుని మాట్లాడతాను." కొందరు తలుపు మొహం మీదే వేశారు. కొందరు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. చలికాలంలో నా కారులో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. 1987లో సూపర్‌వైజర్ అయ్యాక నా కింద చేరిన ఆఫీసర్లకూ అదే పద్ధతి నేర్పాను. తుపాకీ ఉన్నట్టు పైకి చెప్పడం ప్రమాదమని ఒకరిద్దరు వాదించారు. వాళ్ల వాదనలో నిజం లేకపోలేదు.

రిటైరయ్యే నాటికి ఆ రివాల్వర్‌ని రేంజ్‌లో తప్ప ఎక్కడా పేల్చలేదు. నా పనిలో అది నన్ను కాపాడిన సందర్భం ఒక్కటీ లేదు, కాపాడదనీ అనను. నేను నేర్చుకున్నది ఇంతే. ఆయుధాన్ని వీధిలో పోయేవాళ్ల కంట పడకుండా దాచడం ఉద్యోగ ధర్మం. మనల్ని నమ్మి బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న మనిషి దగ్గర దాచడం మోసం. ఆ రెంటికీ తేడా ఉత్తర్వులో రాసి ఉండదు. ఆఫీసరే తెలుసుకోవాలి, మొదటి రోజే.