చెత్త చూసి వేసిన ఇంటి పన్ను

ఒడిశాలోని రాయగడలో నేను మున్సిపాలిటీ తరఫున ఇంటి పన్ను వసూలు చేసేదాన్ని. అమ్మ అదే మున్సిపాలిటీలో వీధులూడ్చి, ఇంటింటి చెత్తా ఎత్తేది. ఆ ఏడు పైనుంచి రావలసిన గ్రాంటు తగ్గి, అమ్మకి మూడు నెలలు జీతం ఆగింది. "పన్ను వస్తేనే జీతం," అని మా ఆఫీసరు చేతులు దులుపుకున్నాడు. ఏం, ఆయన జీతం ఆగిందా? ఆగుతుందా!

అప్పుడే పన్ను పద్ధతి కూడా మారింది. ఇదివరకు ఇంటిని కంటితో చూసి ఎంతో కొంత వేసేవారు. ఇప్పుడు టేపు పెట్టి కొలవాలి, అద్దెకిచ్చిన గదులకి ఎక్కువ వేయాలి. ఇంకేముంది, అద్దెకున్నవాళ్ళంతా మేనల్లుళ్ళయిపోయారు. పక్కనున్న తెరుబలి ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాళ్ళకి మా ఊళ్ళో ఇంతమంది మేనమామలున్నారని నాకు అప్పుడే తెలిసింది.

అమ్మకి ఒళ్ళు మండి, చెత్తబండి తోసుకుంటూ నా వెంట వచ్చింది. తాతలనాటి దివాణం కొలువు గురించి గొప్పలు చెప్పుకునే ఒక పంతులుగారి ఇంటి ముందు ఆగాం.

"మేమిద్దరమే అమ్మాయ్. వెనక గదిలో పూజసామాను తప్ప ఏమీ లేదు," అన్నారాయన.

అమ్మ ఆయన ఇంటి చెత్తబుట్ట వంచి చూపించింది. "మీరు నీసు ముట్టరు కదా బాబూ. మరి ఈ సేప పొలుసులెవులివి? దేవుడు తిన్నాడేటి?"

నవ్వాపుకోలేక చచ్చాను. వెనక గది కొలిచి, అద్దెకిచ్చినట్టు రాసేశాను.

ఇక అమ్మని పట్టుకోగలమా! "ఈళ్ళింట్లో రెండు పొయ్యిలమ్మీ, రాసుకో," అనేది. ఏ ఇంట్లో ఎందరున్నారో ఆవిడకి కొట్టిన పిండి. పన్ను బాగా వచ్చింది. నాకు మీసాలుంటే మెలేసేదాన్ని.

జనం ఊరుకుంటారా? అమ్మకి చెత్త ఇవ్వడం మానేసి కాలువలో పడేయడం మొదలుపెట్టారు. కాలువలు పూడిపోయాయి. ఆఫీసరు అమ్మనే అందులోకి దింపాడు. చేతితొడుగులు అడిగితే ఫండ్ లేదన్నాడు. అంత పన్ను తెచ్చిపోశాక కూడా! వాడి మొహం మండ!

మూడు వారాలకి అమ్మ జీతం బ్యాంకులో పడింది. వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చే కొట్టుకి ఇద్దరం వెళ్ళాం. అమ్మ బొటనవేలు పెట్టింది. మురుగులో నాని వేళ్ళ తోలంతా ఊడిపోయింది. మిషను ఒప్పుకోలేదు. చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ కాదంది.

"ఏటమ్మీ, నాను నాను కాదంతాదా ఇది?" అని అమ్మ నవ్వింది.

నేను మాత్రం ఆ కొట్లో అందరి ముందూ భోరున ఏడ్చాను.