ఒక్క రింగు

నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి. నేను కళ్లారా చూసిందే చెబుతున్నాను. అన్నం పెడుతున్న ఈ చేతుల మీద ఒట్టు... అబద్ధమైతే మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్టాండ్ దగ్గరి గల్లీలో నాకు సెల్‌ఫోన్ రిపేర్ షాపు ఉండేది. మాది తెనాలి వైపు. మాట్లాడితే యాస పట్టిస్తుందని, బంద్ రోజుల్లో షట్టర్ సగం దించి, నోరు పూర్తిగా మూసుకుని కూర్చునేవాణ్ణి.

ఆ రోజూ బంద్. చీకటి పడుతుంటే ఒకామె షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది. ఎల్బీ నగర్ నుంచి నడిచొచ్చిందట. నల్గొండ జిల్లా మనిషి, ఇక్కడ కిరాయికుంటున్నారు. కొంగులో మూట కట్టిన ఫోను విప్పి బల్ల మీద పెట్టింది. చిన్న కీప్యాడ్ సెట్టు... ఇంకా నీళ్లు కారుతోంది.

"నల్లా ఒచ్చిందని ఉరికిన అన్నా. నీళ్ల డ్రమ్ముల పడ్డది. ఒక్కపారి ఆన్ జెయ్యి చాలు. ఒక్క నంబరు చూడాలె."

ఆమె భర్త డీసీఎం వ్యాను నడుపుతాడు. ఎక్కడికి పోయినా, చేరగానే ఒక్క రింగిచ్చి కట్ చేస్తాడు. చేరానని దానర్థం. ఆమె ఎత్తదు, ఎత్తితే ఆయన బ్యాలెన్స్ పోతుంది. అప్పట్లో మనమందరం చేసిన పనే కదా! మొన్న లోడు తీసుకుని పోయిన మనిషి నుంచి ఆ రింగు రాలేదు. ఆయన ఫోను స్విచాఫ్. నిన్న మాత్రం ఏదో కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"గది ఆగలే అన్నా... మోగుతనే ఉన్నది. ఎవలదో ఫోన్ల కెల్లి జేస్తున్నడు, ఎత్తితే ఆళ్ల పైసల్ పోతయనుకున్న. ఎత్తలే. తిరిగి జేద్దామంటే నా ఫోన్ల పైసల్ లెవ్వు." నుదురు కొట్టుకుంది. "ఏం జెప్పాలనుకున్నడో!"

ఆ నంబరు ఫోను మెమరీలోనే ఉంటుంది. ఎవరైనా మళ్లీ చేస్తే తెలుస్తుందని సిమ్ము తీసి నా పాత సెట్టులో వేసి పక్కన పెట్టాను. బ్యాటరీ తుడిచి, కొంగుతో ఒత్తి పట్టుకోమని ఆమె చేతికిచ్చాను.

తెల్లకాగితం పరిచి ఒక్కొక్కటే విప్పాను. స్క్రూలు... కీప్యాడ్... డిస్‌ప్లే... రింగరు... వైబ్రేటర్ మోటరు. చివరికి బోర్డు. రెండు చోట్ల కాలి నల్లబడింది. థిన్నర్‌తో కడుగుతూ బ్రష్‌తో రుద్దుతున్నాను. ఆమె రెప్ప వేయకుండా చూస్తోంది.

కరెంటు పోయింది.

కొవ్వొత్తి వెలిగించాను. గల్లీలో ఒక్క బండి చప్పుడు లేదు. అప్పుడు... కాగితం మీద...

గర్ర్‌ర్‌ర్...

వైబ్రేటర్ మోటరు. చిక్కుడు గింజంత ఉంటుంది. దాని రెండు తీగలూ దేనికీ తగలకుండా ఉన్నాయి. బోర్డు నా ఎడమ చేతిలో ఉంది. బ్యాటరీ ఆమె గుప్పిట్లో ఉంది. అది ఒక్కటే తిరుగుతోంది... మెల్లగా కాగితం మీద జరుగుతోంది... పక్కనున్న స్క్రూకి తగిలింది. టిక్.

ఆగిపోయింది.

ఒక్క రింగు ఎంతసేపు మోగుతుందో, అంతే.

నా చేతిలోంచి బ్రష్ ఎప్పుడు జారిందో తెలీదు. ఆమె మాత్రం పెద్ద ఊపిరి వదిలింది.

"చేరిండన్నా."

"ఎక్కడికమ్మా?"

ఆమె బ్యాటరీని నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "ఇగ వద్దు. నువ్వు పరేషాన్ గాకు" అంది. షట్టర్ కింద నుంచి వంగి వెళ్లిపోయింది. విప్పిన ఫోను, సిమ్ము నా దగ్గరే వదిలేసింది.

కరెంటొచ్చాక ఆ మోటరుకు వేరే బ్యాటరీ తగిలించి చూశాను. తిరగలేదు. ఎన్నిసార్లు పెట్టినా తిరగలేదు. బోర్డు కూడా పనిచేయలేదు, ఆ నంబరు నాకు దొరకనే లేదు. సిమ్ము చాలా రోజులు ఆన్‌లోనే ఉంచాను. దానికి ఎవరూ ఫోను చేయలేదు. ఆమె మళ్లీ రాలేదు. పేరైనా అడగలేదు నేను, బుద్ధిలేనివాణ్ణి. ఎల్బీ నగర్ గల్లీల్లో ఎవరినని అడగను!

తీగల్లో ఏదో కాస్త కరెంటు మిగిలి ఉంటుందిలే అంటారు మా వాళ్లు. ఉండొచ్చు. ఆ మనిషి క్షేమంగా ఇంటికి చేరి ఉంటాడు, అందుకే ఆమె రాలేదు అనుకోవాలని నాకూ ఉంది. కానీ ఆ వేళ ఆమె ముఖం గుర్తొస్తే... ఏమో.

నేను ఊరెళ్లేటప్పుడు మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, "చేరాక ఒక్క రింగివ్వండి, చాలు" అని.

నేనివ్వను. తను ఎత్తేదాకా మోగిస్తూనే ఉంటాను. తను "హలో" అన్నాక... చేరానంటున్న నా గొంతు నాకు వినపడ్డాకే, నిజంగా చేరానని నమ్ముతాను.