ట్యాంకు పొంగిన శుభవేళ

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, మావైపు ఆడపిల్లకి ఫ్యాక్టరీలో పని దొరికిందంటే వీధంతా వచ్చి అదేం పనో అడిగేది. నూనె చుక్కలు వేసే ఉద్యోగమని చెబితే ఒక్కరూ నమ్మలేదు. కొండపల్లి దారిలో కొత్తగా పెట్టిన మందుల ఫ్యాక్టరీ అది. మా పెంకుటింటికంటే ఎత్తైన ట్యాంకులో బెల్లం మడ్డి, సోయా పిండి కలిపి ఒక జాతి సూక్ష్మజీవుల్ని పెంచేవారు. అవి పక్కజాతి మీద కక్షతో విషంలాంటిదేదో వదులుతాయట. దాన్ని వడకట్టి, శుద్ధి చేసి, ఆరబెడితే పుండ్ల మీద రాసే మందు. (పక్కింటివాళ్ళ మీద కక్ష ఇంత పనికొస్తుందని మా వీధిలో ఎవరికీ తెలియదు.) అప్పటికి నాకు అక్షరాలు రావు. మీటర్లు చదవలేను కనుక కెమిస్టుగారు నన్ను ట్యాంకు అద్దం దగ్గర నిలబెట్టారు. లోపలికి గాలి కొడుతుంటే నురగ లేస్తుంది. అది అద్దం దాకా రాగానే నూనె కుళాయి తిప్పి అణచాలి, లేకపోతే గాలి బయటికి పోయే పై గొట్టంలోంచి పొంగిపోతుంది. "నురగ గొట్టం దాటిందా, నువ్వు గేటు దాటినట్టే," అన్నారాయన. నాన్న మంచాన పడిన ఏడాది అది. గేటు దాటే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

మొదటి ట్యాంకు మందు తయారైన రోజున ఓనరుగారి తల్లి పసుపు కుంకుమలతో వచ్చారు. ఆవిణ్ణి అందరం పెద్దమ్మగారనేవాళ్ళం. కెమిస్టుగారు వడపోత గదిలో ఉన్నారు. సరిగ్గా అప్పుడే నురగ అద్దమెక్కింది. నేను కుళాయి మీద చెయ్యి వేశాను.

"ఆగవే పిల్లా. కొత్తింట్లో పాలు పొంగుతుంటే నీళ్ళు చల్లుతామా? పొంగనీ."

"పొంగితే నా ఉద్యోగం పోతుందండీ."

"పొంగకపోతే ఇప్పుడే పోతుంది."

ఎటు చూసినా గేటే కనిపిస్తుంటే, దగ్గరున్నవాళ్ళ మాటే విన్నాను. గాలిగొట్టంలోంచి నురగ బుసబుసలాడుతూ వచ్చి, అదృష్టమో ఏమో, తూర్పువైపే పడింది. పెద్దమ్మగారు దండం పెట్టి, శుభాన్ని కాళ్ళతో తొక్కకూడదంటూ నాచేత కడిగిన బకెట్లు పెట్టించారు. పరుగున వచ్చిన కెమిస్టుగారు ఆవిడను ఏమీ అనలేక నన్ను ఇంటికి పొమ్మన్నారు.

మర్నాడు ఫ్యాక్టరీ జీపు మా ఇంటి ముందు ఆగింది. పోలీసులకు పట్టిస్తారని అమ్మ ఏడుపు మొదలెట్టింది. తీరా చూస్తే అది నన్ను మళ్ళీ పనికి తీసుకెళ్ళడానికి వచ్చింది. ఎంత మందు పాడైందో పెద్దమ్మగారికి చూపిద్దామని కెమిస్టుగారు ఆ నురగని పరీక్షకు పెట్టారట. క్రిములు పెంచిన గాజుపళ్ళెంలో ట్యాంకు నీళ్ళ చుక్క చుట్టూ కాసిని క్రిములు చస్తే, నురగ చుక్క చుట్టూ అంతకు రెండింతలు చచ్చాయట. మందుకి నురగని అంటుకుని పైకి తేలే గుణముంది. శుద్ధిలో సగం పని నురగే చేసిపెట్టింది. ఆనాటి నుంచి కావాలని పొంగించి, ఆ నురగనే పట్టుకుని శుద్ధి చేసేవారు. అది తన పద్ధతని కెమిస్టుగారు, తన చేతి చలవని పెద్దమ్మగారు చెప్పుకునేవారు. నూనె ఉద్యోగం రద్దయింది. నన్ను బకెట్ల దగ్గరికి మార్చారు.

మొన్న గవర్నర్‌పేటలో మా మనవరాలి కొత్త ఫ్లాటులో పాలు పొంగించారు. అందరూ నవ్వుతూ చూస్తుంటే, నా చేతులు ఒకటి నూనె కుళాయి కోసం, రెండోది బకెట్ కోసం వెతికాయి.

"ఏం కావాలి అమ్మమ్మా?" అంది మనవరాలు.

ఏమీ వద్దు, పొంగనీ అన్నాను. ఈ వయసులో నన్ను గేటు దాటించేవాళ్ళు ఎవరున్నారు?