కింది రెప్ప లాగి చూసే మేనత్త

మా ముత్తాతగారు, తాతగారు ఊరికి కరణాలు. వారి సంతకం లేనిదే గట్టు కదిలేది కాదు. తొంభైల చివరికి కరణీకం, పొలం పోయినా మడి మాత్రం మిగిలింది.

బయట ఉన్నవాళ్లు పచ్చడి జాడీ ముట్టరాదు. నేను నెలల తరబడి బయట చేరేదాన్ని కాదు. అది బామ్మకు గొప్ప. పండుమిరప పచ్చడి నా చేతే కలిపించేది.

మా మేనత్తకు ఎవరు ఎదురైనా కింది రెప్ప లాగి చూడటం అలవాటు. పత్తి ఏరే కూలీలనూ వదిలేది కాదు. మిరప కోతలప్పుడు వచ్చి నా రెప్ప లాగింది.

“పాలిపోయావేమే? నెలనెలా వస్తోందా?”

రాదని, వస్తే ఒక పట్టాన ఆగదని చెప్పాను.

“రాకపోవడం మడి కాదమ్మా, జబ్బు!” అని బామ్మ మీద లేచింది.

“మనింటి పిల్ల ఆ మాట డాక్టరుతో చెబుతుందటే?”

“చెప్పకపోతే ఆవిడేమన్నా సోదె చెబుతుందా?”

గుంటూరులో డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, థైరాయిడ్ తక్కువగా ఉందంది. రోజూ పరగడుపున మాత్ర వేసుకోమంది. మెల్లగా నెలలు కుదుటపడ్డాయి. బామ్మ పచ్చడికి వేరే చెయ్యి వెతుక్కుంది.

చేబదులు అడగడం మా ఇంట లేదు. ఆ ఖర్చుకు మేనత్త తన జూకాలు అమ్మింది.