మెక్సికో వస్తాదు ముసుగు

ఆ రోజుల్లో మలయాలో బతకడమంటే లారీ చప్పుడు వినబడినప్పుడల్లా గుండె గొంతులోకి రావడమే. (నాదైతే ఒకసారి నోట్లోంచి బయటికొచ్చి, చుట్టూ చూసి, మళ్లీ లోపలికి పోయింది.) దొరల ప్రభుత్వం పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలో దాగిన కమ్యూనిస్టు గెరిల్లాలకి అన్నం పెట్టినదెవరో కనిపెట్టడానికి సైనికులు లారీలో ఒక ముసుగు మనిషిని తెచ్చి, కూలీలందర్నీ బారుగా నిలబెట్టేవారు. ముసుగు ఎవర్ని చూసి తల ఊపితే వాళ్లు లారీ ఎక్కాలి. మా చిన్నాన్న అలా ఎక్కినవాడే. కొన్నాళ్లకి ఆయన తిరిగొచ్చాడు గానీ ఆయన నవ్వు రాలేదు.

బంటింగ్ ఊరి పక్కనున్న అలాంటి మా రబ్బరు తోటకి, మెర్దెకా అనే స్వాతంత్ర్య సంబరాలకని ముసుగు వస్తాదుని పిలిపించిన మహామేధావిని నేనే. ఆఫీసులో చిన్న గుమాస్తాని. కుస్తీలంటే ఒకప్పుడు ప్రాణం పెట్టే చిన్నాన్న మళ్లీ నవ్వుతాడని నా ఆశ. ఈ మెక్సికో వస్తాదు కౌలాలంపూర్ వినోదశాలలో కుస్తీలు పట్టేవాడు. ఏనుగుని ఉతికి ఎండలో ఆరేశాడట. ఆ మొహం కన్నతల్లికి కూడా గుర్తులేదట. ఓడినవాడే ముసుగు తీయాలి. ఆయన ఎన్నడూ ఓడలేదు.

లారీ వచ్చి ఆగింది. తళతళలాడే ముసుగుతో కొండంత మనిషి దిగాడు. మైదానంలో డప్పు ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే మావాళ్లంతా తలలొంచుకుని బారుగా నిలబడ్డారు. పాపం, ఆయన అది మా తోట మర్యాద అనుకుని, ఒక్కొక్కరికీ తల ఊపుతూ పలకరించడం మొదలుపెట్టాడు! ఊపిన చోటల్లా ఒకరు కూలబడ్డారు. చిన్నాన్నకి కూడా ఊపాడు. చిన్నాన్న వెళ్లి లారీ ఎక్కి కూర్చున్నాడు.

"దిగు చిన్నాన్నా, ఇతను కుస్తీవాడు!"

"ఆ దినం కూడా ఇలగే సెప్పినారు, ఏటీ అవదని. మీ పిన్నికి సెప్పు, అన్నానికి నాకోసం సూడొద్దని."

"నా మాట నమ్మవా?"

"మొగం సూపించమను, నమ్ముతాను."

మా ఇద్దరికీ వచ్చీరాని మలాయిలో వస్తాదుకి సంగతంతా చెప్పాను. ఆయన చిన్నాన్న చేతుల వైపు చూశాడు. అవి లారీ పలకని గట్టిగా పట్టుకుని వదలడం లేదు. "ఇది తీస్తే నాకింక కుస్తీ లేదు," అన్నాడు నాతో, మెల్లిగా. తర్వాత మెడ వెనక ముడి విప్పాడు.

లోపల బట్టతల, బుగ్గ మీద పులిపిరి, బోలెడు చెమట.

చిన్నాన్న తేరిపార చూశాడు. "ఓర్నీ! ఏట్రా ఇది, అచ్చం మన దర్జీ మావలాగున్నాడు లా!" అని చివర మలాయి 'లా' తగిలించి మరీ నవ్వాడు. లారీ ఊగిపోయేలా నవ్వాడు. (ఆ నవ్వుకి సెలంగోర్ రాష్ట్రంలోని రబ్బరు కాయలన్నీ రాలాయి.) అందరూ వస్తాదుని కూర్చోబెట్టి ఎండుచేపల కూరతో అన్నం పెట్టారు. కుస్తీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

'దర్జీ' కబురు ఆయనకంటే ముందే కౌలాలంపూర్ చేరింది. మొహం తెలిసిపోయిన వస్తాదుని చూడ్డానికి ఎవరొస్తారు? వినోదశాలవాళ్లు వద్దన్నారు. మెక్సికో ఓడెక్కేముందు ఆయన ముసుగు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ప్రపంచంలో ఎవరూ ఓడించలేనివాణ్ని నేను ఒక్క మధ్యాహ్నంలో ఓడించాను.

ఈమధ్య నాకూ జుట్టంతా ఊడాక, అద్దం ముందు నిలబడి ఆ ముసుగు తొడుక్కున్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, "అదే బాగున్నాది. తియ్యకండి లా," అంది.

తీయలేదు. లోపల నేను నవ్వుతున్నానో మరేం చేస్తున్నానో ఆవిడకి కనబడదు కదా.